స్పీకర్ కొనేముందు తలుపు తట్టి చూడండి

మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో కారు యాక్సెసరీల షాపుకు వెళ్తే గోడకు ఆనించిన పెద్ద చెక్క బోర్డు, దాని నిండా స్పీకర్లు కనిపిస్తాయి. షాపు కుర్రాడు ఒక్కో బటన్ నొక్కుతూ అదే పాటను ఒక్కో జతలో వినిపిస్తాడు. మూడో జతకో నాలుగో జతకో మనం పడిపోతాం. డప్పు దెబ్బ ఛాతీకి తగులుతుంది. వెనక ఎక్కడో మోగే గజ్జెలు కూడా విడిగా వినిపిస్తాయి. బేరమాడి, కంపెనీ స్పీకర్లు పీకించి, వాటి చోట ఆ జతే పెట్టించుకుని బయల్దేరతాం. సైబర్ టవర్స్ దాటేలోపు అనుమానం మొదలవుతుంది. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి ఎక్కేసరికి అది రూఢి అవుతుంది. గజ్జెలు బాగానే ఉన్నాయి, కాస్త చెవిలో గుచ్చుకుంటున్నాయి కూడా. డప్పు మాత్రం లేదు. పాత స్పీకర్లే నయమేమో అనిపిస్తుంది.

నకిలీ అంటగట్టాడని షాపువాణ్ని తిట్టుకుంటాం. నకిలీలు లేకపోలేదు గానీ, ఎక్కువసార్లు జరిగేది అది కాదు. బోర్డు మీద మోగిందీ తలుపులో మోగుతున్నదీ ఒకే స్పీకర్. దాని చుట్టూ ఉన్నవే మారాయి. అది బిగిసి ఉన్న గోడ మారింది, దానికి కరెంటు ఇచ్చే యాంప్లిఫయర్ మారింది, మన చెవి ఉన్న చోటు మారింది, చుట్టూ రొద మొదలైంది. వీటిలో మొదటిదే అసలు దొంగ. అందుకే స్పీకర్ల ఎంపిక మీద రాస్తున్న ఈ వ్యాసంలో తలుపుల గురించి చాలా ఉంటుంది.

ముందుకెంతో వెనక్కీ అంతే

డోర్ స్పీకర్‌లో ఉన్నది చాలా పాత ఏర్పాటు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో లోకానికి చూపించిన నమూనాయే నూరేళ్ల తరవాతా నడుస్తోంది. అయస్కాంతంలో సన్నని సందు, ఆ సందులో రాగి తీగచుట్ట. పాట తాలూకు కరెంటు దిశ మార్చుకున్నప్పుడల్లా చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. చుట్టకు అతికించిన కోన్ గాలిని నెడుతుంది. ఆ నెట్టుడే చెవికి శబ్దం.

కోన్ ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనకున్న గాలి పలచబడుతుంది. అంటే స్పీకర్ ముఖం నుంచి ఎంత శబ్దం వస్తుందో వీపు నుంచీ అంతే వస్తుంది, కాకపోతే తలకిందులుగా. ఆ రెండూ కలిశాయంటే ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

తాటాకు విసనకర్రను బాగా నెమ్మదిగా ఊపి చూడండి. ముందుకు నెట్టిన గాలి అంచుల చుట్టూ తిరిగి వెనక్కి జారిపోతుంది, ముఖానికి ఏమీ తగలదు. గబగబా ఊపితే గాలికి అలా జారుకునే వ్యవధి ఉండదు. కోన్ సంగతీ ఇంతే. సెకనుకు కొన్ని వేలసార్లు కదిలే ట్రెబుల్ ముందుకు దూసుకుపోతుంది. సెకనుకు 50, 100 సార్లు మాత్రమే కదిలే బేస్ అంచు చుట్టూ తిరిగి, వెనక శబ్దంతో కలిసి అక్కడికక్కడే చచ్చిపోతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. లెక్క కడితే 50 హెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు, మామూలు కారు కన్నా ఎక్కువ. 16 సెంటీమీటర్ల స్పీకర్‌ను చుట్టి రావడం దానికి ఒక పనే కాదు.

కాబట్టి బేస్ కావాలంటే ముందు గాలికీ వెనక గాలికీ మధ్య గోడ ఉండాలి. షాపులోని చెక్క బోర్డు అలాంటి గోడే. ఇంట్లో స్పీకర్లకు చెక్కపెట్టె ఆ పని చేస్తుంది. కారులో చెయ్యాల్సింది తలుపు.

చిల్లుల తలుపు

లోపలి అలంకరణ పలకను, మెకానిక్కులు డోర్ ప్యాడ్ అనేదాన్ని, ఊడదీస్తే తలుపు అసలు రూపం బయటపడుతుంది. బయట ఒక రేకు, లోపల ఒక రేకు, మధ్యలో కిటికీ అద్దం, దాన్ని ఎత్తే మోటారు, లాక్ కడ్డీలు. రిపేరు వచ్చినప్పుడు మెకానిక్ చెయ్యి దూరాలి కాబట్టి లోపలి రేకుకు పెద్ద పెద్ద కంతలు ఉంటాయి. చాలా కార్లలో ఆ కంతల మీద పలచని ప్లాస్టిక్ షీటు అంటించి వదిలేస్తారు. కార్ల తయారీలో ప్రతి గ్రాము బరువుకూ, ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది. స్పీకర్ కోసం ఆ కంతలను రేకుతో మూసే ఉదారత ఎవరికీ ఉండదు.

ఆ ప్లాస్టిక్ షీటు ఉన్నది శబ్దం కోసం కాదు, నీటి కోసం. వానలో అద్దం మీంచి జారే నీళ్లు రబ్బరు అంచు దాటి తలుపులోకి దిగుతాయి. ఇది లోపం కాదు. దిగుతాయని తెలిసే తలుపు అడుగున నీళ్లు కారిపోయే చిన్న కంతలు పెడతారు. లోపలి నీళ్లు కార్పెట్ మీదికి రాకుండా ఆపేది ఈ షీటే. దాని మీద పడి బేస్ ఆగుతుందనుకోవడం మాత్రం అత్యాశ. స్పీకర్ వెనక పుట్టిన శబ్దం కంతల్లోంచి, పలచని షీటులోంచి, డోర్ ప్యాడ్ సందుల్లోంచి తిన్నగా కారులోకి వచ్చి ముందు శబ్దాన్ని కొట్టేస్తుంది. ఎన్ని వేలు పోసి కొన్నా కొత్త స్పీకర్ ఇక్కడే ఓడిపోతుంది.

రెండో చిక్కు రేకుది. బయటి రేకు మందం మిల్లీమీటరు లోపే. బేస్ మోగినప్పుడు స్పీకర్ వెనక గాలి ఒత్తిడికి రేకు కూడా ఊగుతుంది, తన సొంత స్వరం అందుకుంటుంది. కోన్‌కు అందాల్సిన శక్తి రేకును ఊపడానికి ఖర్చయిపోతుంది. పైగా లాక్ కడ్డీలు, వైర్ల క్లిప్పులు, ప్లాస్టిక్ పలకలు గడగడమంటాయి. బేస్ ఎక్కువైందని మనం అనుకునేది చాలాసార్లు ఈ గడగడే.

దీనికి మందు డ్యాంపింగ్ షీట్లు. బ్యూటైల్ రబ్బరు జిగురు పొర, దాని మీద అల్యూమినియం రేకు. తలుపు రేకు వంగినప్పుడు దానికీ అల్యూమినియానికీ మధ్య చిక్కుకున్న జిగట రబ్బరు సాగుతుంది, నలుగుతుంది. ఆ నలుగుడులో ఊపు కాస్తా వేడిగా మారి పోతుంది. ఇక్కడ షాపులవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఊపు ఆపడానికి బయటి రేకు మొత్తం కప్పనక్కర్లేదు. ఎక్కువగా ఊగే మధ్య భాగంలో మూడో వంతు దాకా అంటిస్తే చాలా మేలు జరిగిపోతుంది. ఆ తరవాత అంటించే ప్రతి ముక్కకూ ఫలితం తగ్గుతూ వస్తుంది, తలుపు బరువు మాత్రం పెరుగుతూ పోతుంది. లోపలి రేకు కంతల సంగతి వేరు. అక్కడ సగం మూయడానికి అర్థం లేదు. మిగిలిన సందు ఎంత చిన్నదైనా బేస్ దాన్ని వెతుక్కుంటుంది.

రెండు హెచ్చరికలు. తలుపు అడుగునున్న నీటి కంతలను ఎట్టి పరిస్థితిలోనూ మూయనివ్వకండి, తలుపు లోపలి నుంచి తుప్పు పట్టిపోతుంది. ఇక కొన్ని కార్లలో పక్క నుంచి గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ తెరిపించే సెన్సార్ తలుపులోనే ఉంటుంది. తలుపు నొక్కుకున్నప్పుడు లోపలి గాలి ఒత్తిడి ఎంత వేగంగా పెరిగిందో చూసి అది నిర్ణయం తీసుకుంటుంది. అలాంటి తలుపులో కంతలు మూయడం, కొత్తవి కొట్టడం పాటల వ్యవహారం కాదు, ప్రాణాల వ్యవహారం. మీ కారులో ఆ సెన్సార్ ఉందో లేదో సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకున్నాకే తలుపు తెరిపించండి.

బాక్స్: తట్టి చూసే పరీక్ష

కారు బయట నిలబడి, తలుపు మూసి, స్పీకర్ ఉన్న ఎత్తులో రేకు మధ్య భాగాన్ని వేలి కణుపుతో తట్టండి. "ఠణ్" అని మోగి కాసేపు నిలిస్తే ఆ తలుపుకు డ్యాంపింగ్ లేదు. "దబ్" అని వెంటనే ఆగిపోతే కంపెనీయే ఎంతో కొంత చేసింది. తరవాత లోపల కూర్చుని, బేస్ బాగా ఉన్న పాట పెట్టి, డోర్ ప్యాడ్‌ను అరచేత్తో గట్టిగా అదమండి. గడగడ ఆగిందా? అయితే మీకు ముందు కావాల్సింది కొత్త స్పీకర్ కాదు. పైసా ఖర్చు లేని పరీక్ష, దాదాపు ఎవరూ చెయ్యరు.

ఇంటి స్పీకర్ కారుకెందుకు కుదరదు

కోఠి గుజరాతీ గల్లీలో హోమ్ స్పీకర్ల వూఫర్లు చవకగా దొరుకుతాయి. కొలత సరిపోయింది కదా అని అవే తెచ్చి తలుపులో బిగించే సాహసులున్నారు. వాళ్ల నిరాశకు కారణాన్ని ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, ఆయన బాటలో రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో లెక్కగట్టి చూపించారు. కోన్ ముందుకు పోయాక దాన్ని వెనక్కి లాగే స్ప్రింగులు రెండు. ఒకటి స్పీకర్ సొంత రబ్బరు అంచు, సాలెగూడు లాంటి గుడ్డ. రెండోది పెట్టెలో చిక్కిన గాలి. మూసిన పెట్టె కోసం తయారైన వూఫర్ రెండో స్ప్రింగును నమ్ముకుని పుడుతుంది. తలుపులో ఆ గాలి స్ప్రింగు లేనట్టే. అందుకే అక్కడ అలాంటి వూఫర్ బేస్ పలచగా వినిపిస్తుంది. కారు కోసం చేసిన స్పీకర్లు పెట్టె లేకుండానే నెట్టుకొచ్చేలా తయారవుతాయి. దీనికి తోడు హోమ్ స్పీకర్లు చాలావరకు 8 ఓమ్‌లవి, కారువి 4 ఓమ్‌లవి. ఓమ్‌లు రెట్టింపైతే అదే స్టీరియో నుంచి వచ్చే శక్తి సగానికి పడిపోతుంది.

పెట్టె మీద 300, వైరులో 20

ఇక వాట్ల సంగతి. టూ ఇన్ వన్‌ల కాలంలో చిన్న ప్లాస్టిక్ డబ్బా మీద కూడా "1000 వాట్స్ పీఎంపీవో" అని బంగారు అక్షరాలు ఉండేవి. ఆ అక్షరాలు పోయాయి గానీ అలవాటు పోలేదు. స్పీకర్ పెట్టె మీద 300 వాట్లు అని పెద్దగా రాసి ఉంటుంది. అది స్పీకర్ ఇచ్చే శబ్దం కాదు, ఇచ్చే శక్తి కూడా కాదు. రెప్పపాటు కాలం తట్టుకోగలనని అది చెప్పుకునే గొప్ప. ఎక్కువసేపు తట్టుకునే శక్తి పక్కనే చిన్న అక్షరాల్లో "ఆర్ఎంఎస్" అని ఉంటుంది. చూడాల్సింది అదీ, ఆ తరవాత ఇంకో అంకె. దాని దగ్గరికి వద్దాం.

కారు స్టీరియో అసలు ఎంత ఇవ్వగలదు? ఇంజిన్ తిరుగుతున్నప్పుడు కారు కరెంటు 14.4 వోల్టుల దాకా ఉంటుంది. స్టీరియోలోని యాంప్లిఫయర్ తీగచుట్ట రెండు కొసలనూ ఎదురెదురు దిశల్లో లాగి ఆ 14.4 వోల్టులనూ పూర్తిగా వాడుకుంటుంది. అంతకు మించి దాని దగ్గర లేదు. 4 ఓమ్‌ల స్పీకర్‌కు ఆ వోల్టేజీతో శుభ్రమైన శబ్దం ఇస్తే 26 వాట్లు పైకప్పు. లోపలి నష్టాలు పోను చేతికొచ్చేది 20 వాట్లు, అటూ ఇటూగా. మరి స్టీరియో ముఖం మీద రాసి ఉండే "50×4" ఎక్కడిది? వాల్యూమ్ పూర్తిగా తిప్పేసి, తరంగాల తలలూ పాదాలూ తెగిపోయి, పాట కాస్తా కరకరలాడే స్థితికి వచ్చినప్పుడు లెక్కగట్టిన అంకె అది. అబద్ధం అనలేం, వినదగ్గది మాత్రం కాదు.

షాపు బోర్డు వెనక ఉండే యాంప్లిఫయర్ చాలాసార్లు ఇంతకంటే బలమైనది. మన కారులో ఉన్నది 20 వాట్లు. వాటిని పొదుపుగా వాడుకునే స్పీకర్ కావాలి. ఆ పొదుపును చెప్పే అంకె పేరు సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్లు మోగుతుందో అది చెబుతుంది. మామూలుగా 86 నుంచి 93 దాకా ఉంటుంది. చూడ్డానికి చిన్న తేడా. కానీ డెసిబెళ్ల లెక్కలో 3 పెరిగితే శక్తి రెట్టింపైనట్టు, 6 పెరిగితే నాలుగింతలైనట్టు. 85 డెసిబెళ్ల స్పీకర్ 80 వాట్లతో మోగే మోతను 91 డెసిబెళ్ల స్పీకర్ 20 వాట్లతోనే మోగిస్తుంది. విడిగా యాంప్లిఫయర్ కొనే ఉద్దేశం లేనివాళ్లకు ఈ ఒక్క అంకె మిగతా అట్టపెట్టె అంతటికంటే విలువైనది.

అందులోనూ ఒక కిటుకుంది. కొందరు "ఒక వాట్" అనకుండా "2.83 వోల్టులు" అని రాస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్‌కు ఆ వోల్టేజీ అంటే సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్‌ల కారు స్పీకర్‌కు అది రెండు వాట్లు. అంటే ఉత్తపుణ్యానికి 3 డెసిబెళ్లు కలిసొచ్చాయి. రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు ఏ లెక్కన కొలిచారో చూసుకుని, రెండో రకమైతే 3 తీసేయండి.

స్పీకర్ ఎంత సోమరో చెప్పాలంటే, 90 డెసిబెళ్ల మంచి స్పీకర్ కూడా తాను తీసుకున్న కరెంటులో నూటికి ఒక పాలైనా శబ్దంగా మార్చదు. మిగతాదంతా తీగచుట్టలో వేడి. మే నెల ఎండలో ఆఫీసు బయట తొమ్మిది గంటలు నిలబడ్డ కారులో కోన్ చుట్టూ ఉండే అంచు కూడా ఉడుకుతుంది. ఫోమ్ అంచులు కొన్నేళ్లకే పొడిపొడిగా రాలిపోతాయి, రబ్బరు అంచులు నిలుస్తాయి. కోన్ విషయంలో పాలీప్రొపిలీన్‌దో, నీరు పట్టకుండా పూత పూసిన కాగితందో తీసుకుంటే చాలు. అంతకు మించి పదార్థాల పేర్లు చదివి డబ్బు పెట్టడం దండగ.

చెవి ఒకచోట, స్పీకర్ ఒకచోట

బోర్డు ముందు నిలబడ్డప్పుడు స్పీకర్ మన ముఖంలోకి చూస్తుంది. తలుపులో ఉన్నప్పుడు మన పిక్కలోకి చూస్తుంది. బేస్‌కు ఈ తేడా పట్టదు, దాని తరంగాలు మీటర్ల పొడవుంటాయి కాబట్టి అన్ని వైపులా వ్యాపిస్తాయి. ట్రెబుల్ అలా కాదు. 3,000 హెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 11 సెంటీమీటర్లు, కోన్ వెడల్పు కంటే తక్కువ. తరంగం కోన్ కంటే పొట్టిదైనప్పుడు శబ్దం నలువైపులా పరుచుకోవడం మానేసి, టార్చిలైటు వెలుగులా కోన్ చూస్తున్న వైపే పోతుంది. మన మోకాలికి అంతా బాగా వినిపిస్తుంది.

పోయేది గజ్జెల చప్పుడు ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. మాటల స్పష్టత కూడా అక్కడే ఉంది. "స"కూ "శ"కూ తేడా తెలిపేది ఈ పై అంతస్తు శబ్దాలే. బయోడైవర్సిటీ జంక్షన్‌లో ఇరుక్కుని కారులోంచే మీటింగుకు హాజరయ్యే ఊరు మనది. అవతలివాళ్ల మాట ముద్దముద్దగా వినిపిస్తే తప్పు నెట్‌వర్క్‌ది మాత్రమే కాకపోవచ్చు.

అందుకే చిన్న ట్వీటర్ కావాలి. అంగుళం అటూ ఇటూగా ఉండే దాని గోపురం పొట్టి తరంగాలను కూడా వెడల్పుగా వెదజల్లుతుంది. కోయాక్సియల్ స్పీకర్లలో ట్వీటర్ కోన్ మధ్యలోనే కూర్చుని ఉంటుంది. కాంపొనెంట్ సెట్లలో విడిగా వస్తుంది, దాన్ని అద్దం పక్క త్రికోణంలోనో ముందు పిల్లర్ మీదో పెడతారు. అక్కడి నుంచి చెవికి నేరుగా దారి ఉంది. శబ్దం కూడా పాదాల దగ్గర నుంచి కాకుండా డ్యాష్‌బోర్డు ఎత్తున ఎవరో పాడుతున్నట్టు వస్తుంది. ఏది మేలు అని అడిగితే కాంపొనెంటే. కాకపోతే ఒక పని ముందు చెయ్యండి, మీ కారులో కంపెనీ ట్వీటర్లు పైన ఇప్పటికే ఉన్నాయేమో చూసుకోండి. చాలా కార్లలో ఉంటాయి. వాటిని అలాగే ఉంచి తలుపులో కోయాక్సియల్ పెడితే ఒకే వైపు రెండు ట్వీటర్లు పోటీపడి పాడతాయి, చెవిలో గుచ్చుకునేది అదే. ఇక "త్రీ వే, ఫోర్ వే" అంటూ మధ్యలో మూడు నాలుగు బొడిపెలు పెట్టిన స్పీకర్లు చూడముచ్చటగా ఉంటాయి, అంతే.

మన స్టీరింగ్ కుడి వైపు ఉండటం వల్ల ఇంకో తిరకాసు. డ్రైవర్ చెవికి కుడి స్పీకర్ దగ్గర, ఎడమది దూరం. తేడా అర మీటరు అనుకుంటే కుడి శబ్దం ఒకటిన్నర మిల్లీసెకన్ల ముందు చేరుతుంది. ఇది పట్టించుకోదగ్గంత పెద్దదా అంటే, పక్క నుంచి వచ్చే ఏ శబ్దమైనా ఒక చెవి నుంచి రెండో చెవికి చేరడానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు, ఆ తేడాతోనే మెదడు దిక్కు పసిగడుతుంది. రెండు శబ్దాల్లో ముందు వచ్చినదాన్నే అది నమ్ముతుంది. దాంతో గాయకుడు కుడి తలుపులో ఇరుక్కుపోతాడు. బ్యాలెన్స్ ఎడమకు జరిపితే కొంత సర్దుకుంటుంది. మంచి స్టీరియోల్లో టైమ్ అలైన్‌మెంట్ అని ఉంటుంది, అది దగ్గరి స్పీకర్‌ను ఆ ఒకటిన్నర మిల్లీసెకన్లు ఆపి పాడిస్తుంది. డ్రైవర్‌కు సరిచేస్తే పక్క సీటుకు చెడుతుందనేది మాత్రం ముందే ఇంట్లో మాట్లాడుకోవాల్సిన విషయం.

ఇంజిన్ కూడా బేసే

రోడ్డెక్కాక మొదలయ్యే రొద ఎక్కువగా కింది స్థాయిలోనే ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 67 సార్లు పేలుతుంది. మూడు సిలిండర్లదైతే 50 సార్లు. బేస్ గిటారూ డప్పూ ఉండే చోటే అది. టైర్ల హోరు, ఏసీ గాలి దాని పైన. అందుకే ఆగి ఉన్నప్పుడు బాగున్న పాట ఔటర్ మీద నూరు దాటగానే పలచబడుతుంది. ఎలక్ట్రిక్ కార్లలో ఇంజిన్ పీడ లేదు గానీ, ఆ నిశ్శబ్దంలో టైర్ల హోరూ, డోర్ ప్యాడ్ గడగడా మరింత తెలుస్తాయి.

అప్పుడు మనం చేసే పని బేస్ నాబ్ తిప్పడం. తప్పు. బేస్ ఒక ఆక్టేవ్ కిందికి దిగి అంతే గట్టిగా మోగాలంటే కోన్ నాలుగింతలు కదలాలి. 100 హెర్ట్జ్ దగ్గర ఒక మిల్లీమీటరు కదిలే కోన్ 50 దగ్గర నాలుగు మిల్లీమీటర్లు కదలాలి. తలుపు స్పీకర్‌కు అంత ఆయం ఉండదు, శబ్దం చెదురుతుంది, పాటంతా బురదబురదగా తయారవుతుంది. స్టీరియో సెట్టింగుల్లో హెచ్‌పీఎఫ్ (హై పాస్ ఫిల్టర్) అని ఉంటే దాన్ని 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. తలుపు స్పీకర్లు మొయ్యలేని బరువు దిగిపోయి గొంతూ వాయిద్యాలూ తేటపడతాయి. అంతకన్నా కింది బేస్ కావాలంటే సీటు కింద పట్టే చిన్న సబ్‌వూఫరే దారి. ఇక్కడ కారు మనకు సాయం చేస్తుంది కూడా. సుమారు 70 హెర్ట్జ్ కింద తరంగాలు కేబిన్ కంటే బాగా పొడుగవుతాయి, మూసిన కేబిన్‌లో ఒత్తిడి పేరుకుని బేస్ దానంతటదే పెరుగుతుంది. సీటు కింది చిన్న డబ్బా అంత మోగడానికి కారణం ఇదే.

రొద మీద గెలవాలని వాల్యూమ్ పెంచుకుంటూ పోవడానికి హద్దుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెళ్లలో వారానికి 40 గంటలు వినొచ్చు. 90కి చేరితే 4 గంటలే. ఆఫీసుకు రోజూ గంట పోను, గంట రాను అయితే రెండో రోజు సాయంత్రానికే ఆ కోటా ఖతం.

కొనేరోజు

కంపెనీ వాళ్లే ప్రత్యేక బ్రాండెడ్ సిస్టమ్, విడి యాంప్లిఫయర్ బిగించిన కారైతే స్పీకర్ల జోలికి వెళ్లేముందు ఆగండి. వాటిలో కొన్ని 2 ఓమ్‌లవో అంతకన్నా తక్కువవో ఉంటాయి. 4 ఓమ్‌లవి పెడితే మోత తగ్గుతుంది, పైగా ఆ యాంప్లిఫయర్ పాత స్పీకర్ల లోపాలకు తగ్గట్టు ముందే సర్ది ఉంటుంది. మామూలు కార్లకు ఈ బెడద తక్కువ.

వ్యాసం సరిపోయినంత మాత్రాన స్పీకర్ పట్టదు, లోతు కొలవాలి. అద్దం పూర్తిగా దించితే అది స్పీకర్ అయస్కాంతం వెనకే దిగుతుంది. కంపెనీ స్పీకర్ అయస్కాంతం చిన్నది, కొత్తదానిది పెద్దది. తగలకుండా మధ్యలో రింగు పెడతారు. ఆ రింగు గట్టి ప్లాస్టిక్‌దో చెక్కదో ఉండాలి, రింగుకూ రేకుకూ మధ్య ఫోమ్ పట్టీ ఉండాలి. వైర్లు కత్తిరించనివ్వకండి. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ దొరుకుతుంది, దానితో బిగిస్తే వారంటీ గొడవకు అవకాశం తగ్గుతుంది, కారు అమ్మేటప్పుడు పాతవి తిరిగి పెట్టుకోవచ్చు. ఊడదీసిన ప్లాస్టిక్ షీటును చింపి పారెయ్యకుండా మళ్లీ అంటించారో లేదో పక్కన నిలబడి చూడండి.

డబ్బు ఎలా పంచాలి? నా తీర్పు ఇది. యాంప్లిఫయర్ లేని మామూలు కారుకు 90 డెసిబెళ్లకు తగ్గని, 4 ఓమ్‌ల, మధ్యరకం కాంపొనెంట్ సెట్ చాలు. అనుకున్న బడ్జెట్‌లో మూడో వంతు ముందు తలుపులు రెండింటి డ్యాంపింగుకూ, కంతలు మూయడానికీ పక్కన పెట్టండి. వెనక తలుపుల స్పీకర్లు మార్చడం తరవాతి మాట, మార్చకపోయినా నష్టం లేదు. ఖరీదైన స్పీకర్, చిల్లుల తలుపు ఒకవైపు, మధ్యరకం స్పీకర్, మూసిన తలుపు ఒకవైపు ఉంటే ప్రతిసారీ గెలిచేది రెండోదే.

బిగించాక షాపు కుర్రాడు పెట్టే దడదడ పాటతో తృప్తిపడకండి. 1950, 60ల నాటి ఘంటసాల పాట ఒకటి పెట్టమనండి. అవి మోనో రికార్డింగులు, రెండు స్పీకర్లకూ ఒకే శబ్దం వెళ్తుంది. బ్యాలెన్స్ మధ్యలో ఉంచి, రెండు ముందు సీట్ల నడుమకు తల వంచి వినండి. గొంతు డ్యాష్‌బోర్డు సరిగ్గా మధ్యలోంచి రావాలి. అలా కాకుండా ఎక్కడినుంచి వస్తుందో అంతుపట్టక, తబలా బొత్తిగా నీరసంగా ఉందంటే ఒక తలుపులో ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయి. ఒక కోన్ నెడుతుంటే రెండోది లాగుతోందన్నమాట. డబ్బు ఇచ్చేముందే ఆ డోర్ ప్యాడ్ ఊడదీయించి వైర్లు మార్పించుకోండి.